నీలం క్యాను పాలు

హుజైఫాను పరుపుతో సహా మోసుకొచ్చి గేటు బయట పడుకోబెట్టారు. తర్వాత గేటు మూసి లోపల గొళ్లెం పెట్టుకున్నారు.

యాప్రాల్ దాటి కాస్త ముందుకు పోతే కనిపిస్తుంది ఆ గేటు. దాని పక్కన పొడవాటి రేకుల గోడ. గోడ మీద మెడలో పూలదండతో నవ్వుతున్న ఆవు బొమ్మ. అది ధర్మరాజు గారి పాల ఫారం. ఆ బొమ్మ కిందే, రోడ్డు అంచున, పొద్దుటి ఎండలో వణికిపోతూ పడి ఉన్నాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. కుడిచెయ్యి మోచేతి దాకా ఉబ్బి నల్లబడింది.

కొట్టంలో పాలు పితుకుతున్న హజీరాకు కబురు అందేసరికి బకెట్టు సగం నిండింది. ఆమె లేచిన ఊపుకు అది బోర్లా పడింది. వెనక్కి చూడకుండా పరుగెత్తింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ విజయేందర్ అడ్డం నిలబడ్డాడు.

"తియ్ గేటు! ఆడు నా కొడుకు!"

"తీస్తగానీ జెర మెల్లగ మాట్లాడు హజీరా. లోపల మనిషికి ఏమన్న అయితే ఫారం బద్నాం అయితది. బయట పెట్టుమని సారు ఫోన్ల చెప్పిండు. నేనేం జెయ్యాలె?"

"ఆవుకు జరమొస్తే ఫ్యాన్ పెడ్తరు. మనిషికొస్తే రోడ్డు మీద పారేస్తరా?"

"నిన్న సూది ఇయ్యలేదా నేను? ఆవులకేసే సూదే, మంచి తేజ్ మందు. తగ్గకపాయె. నా తప్పా?"

అప్పటికి పనివాళ్లు ఒక్కొక్కరే చేరారు. పేడ ఎత్తే వీరరాఘవమ్మ తట్టతో సహా ముందుకొచ్చింది. గుంటూరు వైపు నుంచి బతకడానికి వచ్చిన మనిషి. వయసు మీద పడినా నోరు మాత్రం తగ్గలేదు.

"ఒరే విజయేందరూ, గేటు తీస్తావా, ఈ తట్ట నీ నెత్తిన దించమంటావా? చొక్కా కొత్తదిలాగుంది, ఆలోచించుకో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. విజయేందర్ గొళ్లెం తీశాడు.

గాయం చిన్నదే. పొదుగు వాచిన ఆవొకటి కాలు విసిరితే బకెట్టు అంచు అరచేతిని కోసింది. హుజైఫా పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని, ఆ పూటే మళ్లీ పనిలోకి దిగాడు. పాల ఫారంలో అలాంటి వాటిని ఎవరూ గాయాలనరు. ఆ గాయమే ఇప్పుడు ఆటోలో తల్లి ఒడిలో మూలుగుతూ సికింద్రాబాద్ సర్కారు దవాఖానా దారి పట్టింది.

* * *

డాక్టర్ మాధురి చిన్న వయసు మనిషి. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. హుజైఫాను చేర్చిన మూడో రోజు ఆమె హజీరాను వార్డు బయటకు పిలిచింది.

"అమ్మా, మీ అబ్బాయి రక్తంలోకి ఒక క్రిమి చేరింది. మా దగ్గరున్న మందులు ఒకటి తర్వాత ఒకటి ఇస్తున్నాం. దేనికీ లొంగడం లేదు. ఎప్పుడూ దవాఖానా మొహం చూడని మనిషికి ఇంత మొండి క్రిమి ఎక్కడిది? ఎక్కడ పని చేస్తాడు?"

"పాల ఫారంల మేడం. నేను సుత అక్కడ్నే."

డాక్టరు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది.

"ఆవులకు మందు సూదులు వేస్తారా?"

"రోజు ఏస్తరు. రోగమొస్తే ఏస్తరు, రావొద్దని సుత ఏస్తరు."

"పశువుల డాక్టరు వచ్చి వేస్తారా?"

"డాక్టరేడుండు? మా విజయేందరే ఏస్తడు."

"సూది వేసిన ఆవుల పాలు ఏం చేస్తారు?"

హజీరా తల ఎత్తింది. ఇంత దుఃఖంలోనూ ఆమె గొంతులో ఒక గర్వం తొణికింది.

"అవి మావి మేడం. కొట్లాడి తెచ్చుకున్నం."

నిజమే. కొట్లాడే తెచ్చుకున్నారు. నిరుడు వానాకాలంలో ఆ ఫారం పనివాళ్లంతా గేటు ముందు కూర్చున్నారు. పొద్దూ మాపూ పాలు పితికే చేతులు మావి, మా పిల్లలు మాత్రం గంజి తాగాలా అని అడిగారు. ముందు కూర్చున్నది హజీరా. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదీ ఆమే. ధర్మరాజు రెండో రోజే దిగొచ్చాడు. ఇంటికింత పాలు, రోజూ, ఉచితంగా అన్నాడు. ఆ సాయంత్రం రేకుల గుడిసెల ముందు డప్పు మోగింది. హజీరా మెడలో బంతిపూల దండ వేశారు. యజమాని అంత సులువుగా ఇచ్చినదాన్ని ఒకసారి వాసన చూసి తీసుకోవాలని వాళ్లకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

పాలు నీలం క్యానులో వచ్చేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయో అందరికీ తెలుసు. సూది పడిన ఆవు వెనక కాలికి ఎర్రదారం కట్టేవాళ్లు. దారం ఊడేదాకా దాని పాలు టాంకరుకు పోకూడదు. పాలు కొనే కంపెనీ పరీక్ష చేస్తుంది, మందు కనబడితే టాంకరునే వెనక్కి పంపుతుంది. అందుకే ఎర్రదారం పాలన్నీ మునుపు మురుగు నాలాలో పారబోసేవాళ్లు. సమ్మె తర్వాత అవే పాలు నీలం క్యానులోకి వచ్చాయి. బంగారం లాంటి పాలు నేలపాలు కాకుండా పిల్లల నోటికి అందుతున్నాయని వాళ్లు మురిసిపోయారు.

అంతటితో ఆగితే బాగుండు. మందున్న పాలు బలమని తల్లులు నమ్మారు. వాటికి సూదిపాలు అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు దగ్గొస్తే సూదిపాలు ఇంకో గ్లాసు. కాలికి పుండైతే ఇంకో గ్లాసు. ఖర్చు లేని వైద్యం. ఒక్కోసారి తగ్గేది కూడా. దాంతో ఆ పాల కోసం తల్లులు ఒకరినొకరు తోసుకునేవాళ్లు. గెలిపించిన మనిషే పంచాలని గరిటె హజీరా చేతికిచ్చారు.

డాక్టరు అంతా విని బెంచీ మీద కూర్చుండిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మందు రోజూ కాస్త కాస్త ఒంట్లోకి పోతుంటే బలహీనమైన క్రిములు చస్తాయి. చావనివి మిగులుతాయి. మిగిలినవే పిల్లలు పెడతాయి. ఆవు ఒంట్లో అదే జరుగుతుంది, కొట్టంలో అదే, మీ కడుపుల్లో అదే. ఇక నిజంగా రోగమొచ్చిన రోజు మందు పని చేయదు."

"మరుగబెట్టుకుని తాగుతం కద మేడం?"

"మరిగిస్తే క్రిమి చస్తుంది. మందు ఎక్కడికి పోతుంది?"

హజీరా తన కుడిచేతి వంక చూసుకుంది. గరిటె పట్టిన చెయ్యి.

"ఇందుకే ఇట్లయిందని రాసియ్యిండ్రి మేడం. నేను సర్కారుకు చూపిస్త."

"నాకు నమ్మకమే. కానీ ఆ కొట్టాన్నీ ఆవుల్నీ పరీక్ష చేయకుండా రుజువంటూ లేదమ్మా. పరీక్షకు వాళ్లు గేటు తీయాలి." డాక్టరు లేచింది. "ముందు గుడిసెల్లో పిల్లల చేత ఆ పాలు మాన్పించండి. మీ అబ్బాయికి ఆలస్యమైంది. వాళ్లకు కాకపోవచ్చు."

* * *

సాయంత్రం హజీరా తిరిగొచ్చేసరికి గుడిసెల ముందు నీలం క్యాను వచ్చి ఉంది. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

"హజీరక్కా, పిల్లగాడు ఎట్లుండు?" గడ్డి కోసే అతీక్ అడిగాడు.

ఆమె గరిటె చేతిలోకి తీసుకుని క్యాను మూత మీద చెయ్యి పెట్టింది.

"ఈ పాలు పొయ్య. ఇయ్యాల గాదు, ఎప్పటికీ పొయ్య."

డాక్టరు చెప్పిందంతా చెప్పింది. అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏందక్కా గిట్లంటవ్? కొట్లాడి తెచ్చింది నువ్వేనాయె!"

"దవాఖాన్ల కూసుండి పరేషాన్ అయినవ్. జెర పండుకో పో."

"డాక్టర్లదేముంది, రేపు అన్నం సుత తినొద్దంటరు!"

వీరరాఘవమ్మ గిన్నె చంకలో పెట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇదిగో హజీరా, నా మనవరాలు దేవిశ్రీ దగ్గి దగ్గి చస్తుంటే ఈ పాలతోనే తగ్గింది. నీ కళ్లముందే కదే!"

"మొదటిసారి తగ్గింది పెద్దమ్మా. రెండోసారి?"

"తగ్గింది. కాస్త లేటైంది."

"ఇప్పుడు?"

వీరరాఘవమ్మ గుడిసెలో నుంచి పిల్ల దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ముసలిదాన్ని కోర్టులో నిలబెట్టినట్టు అడుగుతావేంటే? పాలు మాన్పిస్తే పిల్లకు ఏం పొయ్యను? నీ మాటలా?"

హజీరా చేతిలోంచి గరిటె లాక్కుంది. ఎవరి గిన్నె వాళ్లు ముందుకు చాపారు. పాలు పడుతున్న చప్పుడు వింటూ హజీరా పక్కన నిలబడింది. ఆ చప్పుడు ఇన్నాళ్లూ ఆమెకు గెలుపు చప్పుడు.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకున్నారు. పొద్దున పనిలోకి పోయేముందు పెద్దసారును అడుగుదాం. హుజైఫా కోసమైనా అడుగుదాం.

* * *

ధర్మరాజు సైనిక్‌పురి నుంచి కారులో వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. గేటు ముందు జనాన్ని చూసి కారు దిగి చేతులు జోడించాడు.

"హుజైఫా సంగతి విన్నానమ్మా హజీరా. మనసు పాడైపోయింది. ఏం సాయం కావాలో చెప్పు."

"సాయం వద్దు సార్. డాక్టరు లేంది సూది బంద్ పెట్టుండ్రి. సర్కారోళ్లను పిలిచి కొట్టం పరీక్ష చేపియ్యిండ్రి. మా పిల్లలకు మంచి పాలియ్యిండ్రి."

"మంచి పాలా?" ధర్మరాజు నొచ్చుకున్నట్టు చూశాడు. "పాలు కావాలని ఈ గేటు ముందు కూర్చున్నది మీరు. అడిగారు, ఇచ్చాం. అదేం విషమా, ఇన్నాళ్లూ ఎవరికైనా ఏమైనా అయిందా?"

గుంపులో తలలు వంగాయి. హజీరా ఈ మాట కోసమే సిద్ధపడి వచ్చింది. వెంట తెచ్చిన నీలం క్యాను నుంచి గ్లాసు నింపి ఆయన ముందు పట్టుకుంది.

"అయితే మీరు తాగుండ్రి సార్. మా అందరి ముంగట."

విజయేందర్ మొహం పాలిపోయింది. అతీక్ పిడికిలి బిగించాడు. ఇప్పుడు చిక్కాడు అనుకున్నారు అందరూ.

ధర్మరాజు గ్లాసు అందుకున్నాడు. గడగడా తాగేశాడు. చేతిరుమాలుతో మీసాలు తుడుచుకున్నాడు.

"కాస్త చక్కెర వేసుంటే ఇంకా బాగుండేది," అన్నాడు నవ్వుతూ.

ముందు విజయేందర్ నవ్వాడు. తర్వాత గుంపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ పాలు ఒక్క గ్లాసుతో చంపే విషం కాదు. అలాగైతే ఎప్పుడో బయటపడేది. రోజూ తాగిన ఇళ్లలో, రోజూ పుండ్లు పడే చేతుల్లో, అది నెమ్మదిగా వేళ్లు దిగుతుంది. ఆ సంగతి హజీరాకు తెలుసు. కానీ ఖాళీ గ్లాసు ముందు ఆ మాటలు ఎవరు వింటారు?

అప్పుడే లోపల ఆవులు అరవడం మొదలైంది. పితికే వేళ దాటిపోయింది. పొదుగులు నిండి బిగుసుకుపోతే ఆవు పెట్టే అరుపు పాలు పితికేవాళ్లకు కన్నబిడ్డ ఏడుపులాంటిది. యజమాని మీద పంతం పట్టగలరు గానీ, ఆ నోరులేని జీవాల మీద ఎలా పడతారు?

"పాపం తగుల్తదక్కా," అన్నాడు అతీక్ నేల చూపులు చూస్తూ.

ముందు ఒకరు కదిలారు. తర్వాత అందరూ. గేటు ముందు ఖాళీ గ్లాసుతో హజీరా ఒక్కతే మిగిలింది.

ఆమె ఫోన్లు చేయగా చేయగా అధికారులు వచ్చారు. వస్తున్నట్టు ధర్మరాజుకు ముందే ఫోన్ చేసి మరీ వచ్చారు. అప్పటికి కొట్టం ఫినాయిలు వాసన కొడుతోంది, ఏ ఆవు కాలికీ ఎర్రదారం లేదు. టాంకరు పాలు సీసాల్లో పట్టుకుని, టీ తాగి, అంతా బాగుందని వెళ్లిపోయారు.

* * *

చివరి రోజు హుజైఫాకు కాసేపు తెలివొచ్చింది.

"అమ్మీ, ఆవులను పితికిన్రా?"

"పితికిన్రు బేటా."

"నన్ను తన్నింది సూడు, ఆ నల్లావు. దాని తప్పులే. పొదుగు నొస్తుండె దానికి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "దవాఖాన పాలు సుత సూదిపాలేనా?"

"కాదు బేటా. మంచివే."

"అందుకే రుచి లేవు," అని నవ్వబోయాడు.

సాయంత్రం అస్ర్ నమాజు వేళకు పోయాడు. డాక్టర్ మాధురి మంచం పక్కన నిలబడి హుజైఫా మొహం మీదికి దుప్పటి లాగింది.

మట్టి ఇచ్చిన మూడో రోజు. గుడిసె ముందు టెంటు కింద బంధువులూ పనివాళ్లూ కూర్చుని ఉన్నారు. ఒక మూల వీరరాఘవమ్మ దేవిశ్రీని భుజాన వేసుకుని ఊపుతోంది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. వీధి చివర క్లినిక్‌లో వేసిన సూదులకు దిగని జ్వరం.

ఫారం ట్రాలీ వచ్చి ఆగింది. విజయేందర్ దిగాడు.

"పెద్దసారు పంపిండు. చాయ్‌కని, వచ్చినోళ్లకని."

ట్రాలీలోంచి క్యాను దించాడు. తళతళలాడే స్టీలు క్యాను. టాంకరుకు పోసే పాలు అందులోనే పోస్తారు.

అందరూ ఆ క్యాను వైపు చూశారు. ఎవరూ దానిమీద చెయ్యి వేయలేదు. వీరరాఘవమ్మ లేచి దగ్గరికి వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది.

"నీలం క్యాను ఏదిరా?"

"అది... ఇంట్ల మయ్యత్ అయింది కద పెద్దమ్మా. పెద్దపెద్దోళ్లు వస్తరు. మంచివి పంపుమన్నడు సారు."

ఆ మాట అన్నాక గానీ విజయేందర్‌కు తానేమన్నాడో తెలియలేదు.

"మంచివి," అంది వీరరాఘవమ్మ. "అంటే అవి మంచివి కావని మీ సారుకు తెలుసు. తెలిసే గ్లాసెత్తి తాగాడు. మన ముందు ఒక్కసారి తాగాడు, మన పిల్లల చేత ఏడాది తాగించాడు."

హజీరా వైపు తిరిగింది. "నీ చేతిలో గరిటె లాక్కున్నదాన్ని నేనే కదే."

"ఏడాది సంది పోసింది నేనే కద పెద్దమ్మా," అంది హజీరా. "ఇప్పుడు ఆ లెక్కలొద్దు. పిల్లను మాధురి మేడం తాన్కి తోల్క పో. సూదిపాలు తాగిందని మొదలే చెప్పు. అతీక్, అందర్నీ పిలువ్."

ఈసారి ఎవరూ వాదించలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అతీక్ అడిగాడు.

"ఆవులు మళ్ల ఒర్లుతయి అక్కా. అప్పుడేం జేద్దాం?"

"ఒర్లనియ్యం," అంది హజీరా.

* * *

మర్నాడు పొద్దున పనివాళ్లంతా ఎప్పటిలాగే లోపలికి పోయారు. విజయేందర్ సంతోషించాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దూడల కొట్టం తలుపులు తెరుచుకున్నాయి. పుట్టిన నాలుగు రోజులకే తల్లుల నుంచి వేరు చేసి కట్టేసిన దూడలన్నీ తోకలెత్తి పరుగెత్తాయి. తమ తల్లిని వెతుక్కున్నవి కొన్ని, దొరికిన పొదుగులో మూతి పెట్టినవి కొన్ని. ఆవులు అరవలేదు. దూడల్ని నాకుతూ నిలబడ్డాయి. ఆ పూట టాంకరు ఖాళీగా నిలబడింది.

ఎర్రదారం ఆవుల దగ్గరికి మాత్రం దూడల్ని పోనివ్వలేదు. వాటిని హజీరా వాళ్లే పితికి నీలం క్యాను నింపారు. మూత బిగించారు. మోసుకొచ్చి గేటు ముందు రోడ్డు పక్కన పెట్టి, చుట్టూ కూర్చున్నారు. ఇంటినుంచి తెచ్చిన పాలగిన్నెలన్నీ ముందు బోర్లించారు.

"తాగం, పారబొయ్యం!" అతీక్ అరిచాడు. "పరీక్ష చేసేదాంక కదలం!"

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు ధర్మరాజుతో మాట్లాడి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? క్యాను కోసం ధర్నా ఏంది? తీసి కాల్వల పారబోసి ఇంటికి పోండ్రి."

"పారబొయ్యొద్దు సార్," అంది హజీరా. "ఆ కాల్వ చెర్వులకు పోతది. చెర్వు నీళ్లు తోటలకు. ఆ కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్‌కు. మీ ఇంటికి సుత అక్కడ్నుంచే కొంటరు కద? పరీక్ష చేసేటోళ్లను పిలువుండ్రి. అందాక మేం కావలి ఉంటం."

"నాకే పాఠం చెప్తవా?"

ఆడ కానిస్టేబుళ్లు జబ్బలు పట్టి లాగారు. ఆడవాళ్లు క్యానును వాటేసుకున్నారు. అతీక్ తల పగిలింది. గిన్నెలు బూట్ల కింద సొట్టలు పడ్డాయి. రోడ్డు మీద ఆగినవాళ్లు ఫోన్లలో వీడియో తీశారు. ఎవరి కాలు తగిలిందో, ఎవరు కావాలని తన్నారో, క్యాను పక్కకు ఒరిగింది. మూత ఊడింది. తెల్లగా, చిక్కగా, అందంగా పాలు రోడ్డు మీంచి కాలువలోకి జారాయి. సాక్ష్యం అంతా వాళ్ల కళ్లముందే పల్లానికి పోయింది.

వ్యాను ఎక్కుతూ హజీరా ఆ తెల్లని చార వైపే చూసింది.

* * *

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆస్తి నష్టం, అక్రమంగా గుమికూడడం, ఇంకా ఏవేవో కేసులు. సాయంత్రం వీరరాఘవమ్మ వచ్చింది. పిల్లను దవాఖానాలో చేర్చుకున్నారని చెప్పింది. బతుకుతుందని ఎవరూ అనలేదు, చస్తుందనీ అనలేదు.

"ఫారంల ఏమైతుంది పెద్దమ్మా?"

"కొత్త కూలోళ్లను దించారు. ఒడిశా వాళ్లు, ఇటుకబట్టీల నుంచి తోలుకొచ్చారు. పిల్లాజెల్లాతో వచ్చారు. దూడల్ని మళ్లీ కట్టేశారు." ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీలం క్యాను కడిగి వాళ్ల గుడిసెల ముందు పెట్టారు హజీరా. ఆ పిల్లలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. చెబుదామంటే నా భాష వాళ్లకు రాదు. ఊరికే చేతులూపి అరిచాను. పిచ్చిదనుకుని నవ్వారు."

హజీరా గోడకు తల ఆనించింది. కొడుకు పోయాడు. పాలు పోయాయి. పని పోయింది. క్యాను మాత్రం తిరిగి నిండింది.

గుమ్మం దగ్గర అలికిడైంది. బురఖా మీద ముసుగు వెనక్కి తీసుకుని ఒక పడుచు లోపలికి తొంగి చూసింది. ఆమె వెనక మరికొందరు ఆడవాళ్లు, మగవాళ్లు. అందరి ఒంటి మీదా పేడ వాసన, పచ్చిగడ్డి వాసన.

"హజీరా ఆపా అంటే ఎవరు?"

"నేనే."

"నా పేరు షాగుఫ్తా. బోయిన్‌పల్లి అవతల ఫారంల పితుకుతం. మీ లొల్లి ఫోన్ల చూసినం." ఆమె గొంతు తగ్గించింది. "మా తాన నీలం క్యాను లేదు ఆపా. పచ్చ బకెట్ల పోస్తరు. దసరాకు బోనస్ అని షురూ చేసిన్రు. నా బిడ్డకు చెవుల చీము. ఏ మందేసినా తగ్గుతలేదు."

స్టేషన్‌లో కానిస్టేబులు రాస్తున్న పెన్ను ఆపాడు.

"పొద్దుగాల్ల పాలు వచ్చేటాలకు ఏం జెయ్యాలె ఆపా?"

హజీరా బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"మొదలు బిడ్డను దవాఖానకు తోల్క పో. తర్వాత మీ ఫారంల అందరికి చెప్పు. తాగొద్దు. పారబొయ్యొద్దు. మూత పెట్టి, దాని చుట్టు కూసోండ్రి. మాకంటె ఎక్కువ మంది కూసోండ్రి."